వాట్ గవర్నరా, పోర్టర్ గవర్నరా?

శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో, ప్రయోగశాలలో నిలువుగా తిరిగే ఒకే స్పిండిల్‌కు ఈ రెండు గవర్నర్లనూ (యంత్రం వేగాన్ని నిలకడగా ఉంచే సాధనాలను) మార్చి మార్చి బిగించి తిప్పేవాళ్లం. సూత్రం ఒక్కటే: ఆవిరి యంత్రం వేగం పెరిగితే భుజాలకు ఉన్న గుండ్లు వెలుపలికి విచ్చుకుని, స్పిండిల్ మీద జారే గొట్టాన్ని, అంటే స్లీవును, పైకి లాగుతాయి; దానికి తగిలించిన మీట థ్రాటిల్ వాల్వును కొంత మూసి ఆవిరిని తగ్గిస్తుంది.

1788లో జేమ్స్ వాట్ తన యంత్రానికి అమర్చిన రకంలో గుండ్లు తప్ప వేరే భారం లేదు. భుజాలు కలిసే బిందువు నుంచి గుండ్ల మట్టానికి ఉండే ఎత్తు నిమిషానికి 60 చుట్ల వద్ద సుమారు 25 సెంటీమీటర్లు కాగా, 120 చుట్ల వద్ద ఆరు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఆపై వేగాల్లో స్లీవు కదలిక కంటికి ఆనదు; గ్రీజు కాస్త గట్టిపడినా చాలు, ఉన్న స్వల్ప బలం రాపిడికే ఖర్చయిపోతుంది. నెమ్మదిగా తిరిగే పాత బీమ్ యంత్రాలకు అది సరిపోయింది.

అమెరికన్ ఇంజనీరు చార్లెస్ పోర్టర్ 1858లో పేటెంటు పొందిన రకంలో స్లీవు మీద బరువైన దిమ్మ ఉంటుంది. మూడేసి కిలోల గుండ్లకు 27 కిలోల దిమ్మ తోడైతే, భుజాలన్నీ సమానమైనప్పుడు, అదే 25 సెంటీమీటర్ల ఎత్తు సుమారు 190 చుట్ల వద్ద వస్తుంది. అంత బరువుతో స్లీవు మొద్దుబారుతుందని మొదట అనుకున్నాను. తీరా చూస్తే, వేగంలో కొద్దిపాటి తేడాకే రాపిడిని తోసిరాజనేంత బలంతో అది కదిలింది. వేగంగా తిరిగే యంత్రానికైతే నేను పోర్టర్ రకాన్నే బిగిస్తాను.