సాయంత్రం యోగా క్లాసు: నేను ఫీజు కట్టేది చివరి పావుగంటకే

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరి రెండేళ్ళు దాటింది. ఆసనాలు ఎక్కడైనా అవే, వాటి గురించి చెప్పను. నాకు కావాల్సింది చివరి పావుగంట. లైట్లు తగ్గిస్తారు, కాళ్ళు గోడకి ఆనించి పడుకుంటాం, తర్వాత భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే ప్రాణాయామం), శవాసనం. అందరూ ఒకేసారి భ్రామరి చేస్తుంటే ఆ మోత నేలమీంచి వీపుకి తెలుస్తుంది. ఇంట్లో యూట్యూబ్ పెట్టుకుని చేస్తే అది రాదు, పైగా మధ్యలో కుక్కర్ విజిల్.

నాకు 47, నెలసరి ఆగిపోయే దశ (మెనోపాజ్) దగ్గరపడుతోంది. నెలసరి ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. రాత్రి మూడింటికి మెడ, వీపు తడిసి మెలకువ వస్తే ఇక తెల్లారేదాకా పిల్లల ఫీజులు, ఆఫీసు టెన్షన్లు. క్లాసులో చేరిన కొన్నాళ్ళకి, లేచినా ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉండగానే మళ్ళీ నిద్ర పట్టేయడం మొదలైంది.

ఈ దశలో ఉన్నట్టుండి ఒళ్ళంతా కమ్మే వేడి ఆవిర్లు కూడా యోగాతో పోతాయని లిఫ్టులో కనబడినవాళ్ళకల్లా చెప్పాను. అంత లేదు, అవి వస్తూనే ఉన్నాయి. అమెరికాలో ఎంఎస్‌ఫ్లాష్ అనే పరిశోధన 2014లో తేల్చిందీ దాదాపు ఇదే: 12 వారాల యోగాతో, యోగా చేయనివాళ్ళకన్నా ఆవిర్లు ఎక్కువేం తగ్గలేదు, నిద్రలేమి మాత్రం కొంత తగ్గింది.

కిందటి వేసవిలో టీచరమ్మ కాన్పుకి వెళ్తే కొత్తమ్మాయి వచ్చింది. మంచి పిల్లే, హుషారు ఎక్కువ. క్లాసు రాత్రి ఎనిమిదికి జరిపారు. స్పీకర్లో పాటలు, ఆపకుండా సూర్యనమస్కారాలు, శవాసనం రెండు నిమిషాలు, అదీ ట్యూబ్‌లైట్ల కింద. ఇంటికొచ్చాక ఒళ్ళు సెగలు, పన్నెండైనా కళ్ళు మూతపడవు. ఎదురు బ్లాకు అక్క ఒకరోజు, "నువ్వూ మూడింటికే లేచావా? మీ వంటింట్లో లైటు చూశాలే" అంది. బ్యాచ్‌లో సగం మందిది అదే పరిస్థితి. అందరం కలిసి వెళ్ళి అడిగితే, "ముందే చెప్పొచ్చు కదా మేడమ్" అని ఆ అమ్మాయే ఆరున్నరకి మార్చింది. పావుగంట తిరిగొచ్చింది, కొన్ని రోజులకి నిద్ర కూడా.

అయితే అదే రోజుల్లో నేను సాయంత్రం కాఫీ మానేశాను, దాని వాటా ఎంతో! పిల్లలు పెద్దవాళ్ళు కాబట్టి ఆరున్నరకి ఇల్లు వదిలి రాగలుగుతున్నాను. ఎదురు బ్లాకు అక్కకి క్లాసు ఒక్కటే చాల్లేదు, డాక్టరమ్మ హార్మోన్ మందులు రాశాకే తెరిపిన పడింది. రక్తస్రావం ఎక్కువగా ఉన్నవాళ్ళు ముందు వెళ్ళాల్సింది డాక్టరమ్మ దగ్గరికే. నేనైతే ఇంకో మూడు నెలలకి ఫీజు కట్టాను, ఆరున్నర బ్యాచ్‌కి.