బోటు ఇంజిన్‌కి కూలెంట్ కొంటున్నారా? ముందు ఫ్రీజర్‌లో పెట్టి చూడండి

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకోండి.

2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చి, బోట్లు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి కదా. అప్పటి నుంచి వానలు ముదరకముందే మా బోటు ఒడ్డెక్కించేస్తున్నాం. ఆయిల్ మార్చి, నది నీళ్ళు తిరిగే వైపు మంచినీళ్ళతో కడిగి వంపేసి, నీళ్ళు తోడే రబ్బరు చక్రం, అదే ఇంపెల్లర్, ఊడదీసి, డీజిల్ ట్యాంకు నింపి, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, కొత్తది పోసి మూసేస్తాం. చలి దేశాల్లో ఇంజిన్ గడ్డకట్టకుండా చేసే పనే ఇది. మనకి తుప్పు భయం, అంతే.

ఈసారి కూలెంట్ ఆటోనగర్‌లో ఆ కొట్టులోనే కొన్నాం. ఏ కొట్టో బోట్ల వాళ్ళకి వేరే చెప్పాలా! డబ్బా మీద సగానికి సగం గ్లైకాల్ (నీళ్ళు గడ్డకట్టకుండా ఆపే రసాయనం), మైనస్ 37 దాకా గడ్డకట్టదు అని ఇంత లావు అక్షరాలు. కార్తీకమాసం గిరాకీకని మొన్న ఇంజిన్ విప్పితే టీ డికాషన్ లాంటి నీళ్ళు కారాయి. ఇంజిన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ చుట్టూ తుప్పు, గోటితో గీకితే పెచ్చులుగా రాలుతోంది.

అనుమానమొచ్చి డబ్బా అడుగున మిగిలింది చిన్న ప్లాస్టిక్ సీసాలో పోసి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టాను. పొద్దున్నకి పచ్చటి ఐసు! బల్లకేసి కొడితే టకటకమంటోంది. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరుంటుంది. నిజంగా సగం గ్లైకాలే ఉంటే నీళ్ళలా కదలాలి.

ఆ సీసా అలాగే పట్టుకెళ్ళి కౌంటర్ మీద పెట్టాను. ఓనరు దాన్ని చూసి, పక్కనున్న కుర్రాడికేసి తిరిగి నవ్వి, "ఏంటి సార్, బెజవాడలో మంచు పడుతోందా? గడ్డకడితే మీకేంటి నష్టం?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నిజమే మరి, 45 డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో గడ్డకట్టని మందు అడిగే పిచ్చోణ్ణి! తుప్పు ఆపే మందులూ ఆ గ్లైకాల్‌లోనే కలిసొస్తాయి, అదే లేకపోతే ఇవెక్కడివని నేను అడుగుతుంటే, "కృష్ణ నీళ్ళు కలిపుంటారు సార్" అని ఇంకో బేరంలో పడ్డాడు. ఆ డబ్బాలు ఇప్పటికీ ముందు వరసలోనే పేర్చి ఉన్నాయి.

బిల్లు తీసుకోండి. ఫ్రీజర్ పరీక్ష ముందే నీళ్ళు కలిపి అమ్మే రెడీమిక్స్‌కే చేయండి, నీళ్ళు కలపని కాన్సంట్రేట్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, ఆ సీసా పిల్లలకి అందకుండా పారేయండి.