పద్మిని లోపలి అద్దం: నాలుగేళ్లలో మూడు మార్చాక

మా ఇంట్లో 1986 ప్రీమియర్ పద్మిని కారు ఉంది, బాపు కొన్న బండి. ఇప్పటికీ నెలకు రెండు మూడుసార్లు హన్మకొండ నుంచి కరీంనగర్ పోయి వస్తుంది. వెనక వచ్చే బండ్లు చూసుకునే దాని లోపలి అద్దానికి అంచుల నుంచి రసం పోతూ నడిమి దాకా నల్లమచ్చలు పట్టాయి. "వెనక లారీ కానొస్తలేదు బిడ్డా" అని బాపు అన్నాకే మార్చడానికి కూర్చున్నా.

మొదట చేసింది తప్పు. పాత స్క్రూలు తుప్పు పట్టి కదలకపోతే, షాపతను చెప్పాడని ముందద్దానికే గ్లూతో అతికించే అద్దం పెట్టించాను. చలికాలం బాగానే ఉంది. మే నెలలో మధ్యాహ్నం పూట ఎండలో బండి పెట్టి వచ్చేసరికి అద్దం ఊడి డాష్‌బోర్డు మీద పడి ఉంది, మూల పగిలింది. మన ఎండకు మూసిన బండిలో ముందద్దం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఆ వేడికి ఆ గ్లూ ఆగలేదు. గాజు మీద మిగిలిన గ్లూ బిళ్లను స్క్రూడ్రైవర్‌తో పెకిలించొద్దు, ముందద్దం చిట్లుతుంది, ఈ బండికి ఇంకోటి దొరకడం ఎంత కష్టమో ఉన్నవాళ్లకు తెలుసు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, గాలం దారాన్ని బిళ్ల వెనక నుంచి రంపంలా అటూ ఇటూ లాగితే మెల్లగా వచ్చేసింది.

రెండోది పాత అద్దం మీదే క్లిప్పులతో తగిలించే వెడల్పాటి ఉబ్బెత్తు అద్దం. పద్మిని వెనకద్దమే చిన్నది, లోపల ఎంత పెద్ద అద్దం పెట్టినా అదనంగా కనబడేది పక్క పిల్లర్లు, వెనక సీట్లో కూర్చున్నోళ్ల తలలే. పైగా ఉబ్బెత్తు అద్దంలో బండి చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ బండ వేసుకొస్తున్న లారీ ఎంతో వెనకుందనుకొని కుడికి తిప్పబోయాను, హారన్ పక్కనే మోగింది. ఇంటికి రాగానే తీసేశాను.

మూడోది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికిన పాత మోడల్, స్క్రూ బేస్‌తో ఉన్న డే-నైట్ అద్దం, అంటే రాత్రి వెనక లైట్ల వెలుగు తగ్గించుకోగలిగేది. మూడున్నరేళ్లుగా ఇదే ఉంది, ఇదే కొనమంటాను.

పాత బేస్ తీయడానికి తొందర పడొద్దు. ముందురోజు రాత్రి ఒక్కో స్క్రూ తలకు తుప్పు వదిలించే డబ్ల్యూడీ ఫార్టీ రెండు చుక్కలు పెట్టి, చుట్టూ సీలింగ్‌కు మరక పడకుండా గుడ్డ పెట్టాను. పొద్దున అట్టముక్కకు రంధ్రం చేసి స్క్రూ చుట్టూ పట్టుకున్నా, ఎందుకంటే స్క్రూడ్రైవర్ ఒక్కసారి జారితే సీలింగ్ చిరుగుతుంది, అది అతుకు వేసినా తెలిసిపోతుంది. గాడిలో సరిగ్గా కూర్చునే వెడల్పు స్క్రూడ్రైవర్‌నే వాడాలి, ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి తర్వాత విప్పితే 'టిక్' మని చిన్న శబ్దం వస్తుంది, అక్కడే తుప్పు విడిచినట్టు. కొత్తవాటికి పాత స్క్రూల పొడుగే తీసుకోండి, పొడుగైతే పైరేకుకు తగిలి బయటికి బొడిపె వస్తుంది.

అద్దం కింద చిన్న నాబ్ ఉంటుంది. ఈ అద్దం ఒకవైపు మందంగా, ఒకవైపు పలుచగా కోసిన గాజు. పగలు వెనక రసం పూత నుంచి బొమ్మ కనిపిస్తుంది, నాబ్ తిప్పితే ఆ వెలుగు కప్పు వైపు పోయి, గాజు ముందు తలం నుంచి వచ్చే నాలుగు శాతం వెలుగు మాత్రమే కంటికి వస్తుంది. హుజూరాబాద్ దాటాక చీకట్లో వెనక బండి హైబీమ్ వేసినా కళ్లు చెదరవు. బ్యాటరీ లేదు, వైరు లేదు.

లోపం ఒకటే. బండి ఆగి ఇంజన్ నడుస్తుంటే అద్దం వణుకుతుంది, నంబర్ ప్లేటు చదవలేం. బేస్ కింద సైకిల్ ట్యూబ్ ముక్క కోసి పెట్టాక చాలా తగ్గింది. అద్దం అటూ ఇటూ తిరిగే బాల్ జాయింట్ ఎండాకాలం లూజవుతుంది, ఏడాదికోసారి బిగిస్తే చాలు. ఇప్పుడు బాపు బండెక్కగానే ముందు అద్దం సరిచేసుకుంటాడు, తాళం చెవి తర్వాతే.