వీధి చివరి దవాఖానానా, ఊరికొచ్చే డాక్టరా?

ఒకవైపు హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానా. మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లో 2023లో పూర్తిస్థాయిలో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ విధానం. చిన్న జబ్బుకు పెద్దాసుపత్రి దాకా పరుగెత్తే పని తప్పించాలన్నదే రెండింటి ఉద్దేశం.

జ్వరమో దగ్గో వస్తే బస్తీ దవాఖానాదే పైచేయి. నడిచి వెళ్లవచ్చు, మందులు ఉచితం, రక్త నమూనా అక్కడే ఇస్తే పరీక్ష కేంద్ర ల్యాబ్‌లో జరుగుతుంది. పగటిపూటే తెరిచి ఉండటం మాత్రం కూలికి వెళ్లేవారికి ఇబ్బంది.

బీపీ, షుగర్ సంగతి వేరు. వాటికి రోగిని ఎరిగిన డాక్టరు కావాలి. ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు. ఒకరు అక్కడ ఓపీ చూస్తుంటే, మరొకరు 104 వాహనంతో తనకు కేటాయించిన ఊళ్లకు వెళ్లాలి. మంచాన పడ్డవారిని ఇంట్లోనే చూడాలి. ఇలా ఇంటికి వెళ్లి చూడటమే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఇంటికి వెళ్తేనే తెలుస్తుంది: ముసలమ్మ దిండు కింది సంచీలో ఉదయం మాత్రల పట్టీ సగం ఖాళీ, రాత్రి వేసుకోవాల్సింది చెక్కుచెదరలేదు. ఓపీ గదిలో ఆమె "వేసుకుంటున్నాను బాబూ" అనేస్తుంది. డాక్టరు మోతాదు పెంచేస్తాడు!

అయితే జ్వరం డాక్టరు వచ్చే తేదీ చూసుకుని రాదు. డాక్టరుకు బదిలీ అయితే ఆ ఎరుక మళ్లీ మొదటికొస్తుంది. అయినా ఇంట్లో దీర్ఘరోగి ఉంటే నేను రెండోదాన్నే కోరుకుంటాను.