మూత మీద వంతెన, లోపల పూతరేకులు

మైలాపూరులో మా వీధి చివర ఆంధ్ర సరుకుల కొట్టు ఒకటుంది. వారానికోసారి అక్కడికి బస్సులో ఆత్రేయపురం పూతరేకులు దిగుతాయి. పోయిన శనివారం సాయంత్రం బెల్లంవి ఒక పెట్టె తెచ్చుకున్నాను. పది చుట్టలు, మూడు వందల రూపాయలు.

రుచి సంగతి తరువాత, ముందు నా పేచీ పెట్టె మూతతో. దాని మీద రాజమండ్రి ఆర్చి వంతెన అచ్చువేశారు. మా అమ్మమ్మగారిది ఆత్రేయపురం పక్క ఊరు. అక్కడ గుమ్మం దిగితే ఎదురయ్యేది కాలువ, వంతెన కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న నేల అది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ నీళ్లే బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా కాలువలోకి మళ్లి, లొల్ల లాకుల దాకా వచ్చి, అక్కడి నుంచి పిల్ల కాలువలుగా కోనసీమలోకి పోతాయి. ఆ లాకుల బొమ్మ వేస్తే ఎంత బాగుండేది! పూతరేకు పుట్టేదే వరిలోంచి, వరికి ఆధారం ఆ కాలువ.

రేకు తీయడం చిన్నప్పుడు దగ్గర కూర్చుని చూశాను. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పలుచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీదుగా ఒక్కసారి లాగుతారు. గుడ్డ దాటేలోగా రేకు కట్టేస్తుంది. రెండోసారి లాగితే మందమవుతుందని అమ్మమ్మ కసురుకునేది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ పెట్టెలోవి ఒక్క లాగుడు రేకులే, సందేహం లేదు. నాలుక మీద పెట్టగానే కరిగాయి. నెయ్యి కమ్మగా ఉంది, జీడిపప్పు దండిగా వేశారు. బెల్లం మాత్రం సరిగా తురమలేదు, రెండు చోట్ల గడ్డలు పంటికి తగిలాయి. మూడు చుట్టలు అంచుల దగ్గర మెత్తబడ్డాయి. చెన్నై ఉక్కపోతలో రేకు నిలవడం కష్టమే, కానీ లోపల ఇంకో పొర కాగితం చుట్టి ఉండాల్సింది. అయిదుకు మూడున్నర వేస్తాను, ఆ అర తగ్గింది మూత వల్ల.

ఒకప్పుడు గోదావరి సరుకు పడవల్లోనే ఈ ఊరు చేరేది. ఏలూరు కాలువ, కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ, పెదగంజాం నుంచి బకింగ్‌హామ్ కాలువ. ఆ చివరిది ఇప్పటికీ మా పేట పక్కనే ఉంది. నల్లటి మురుగు, అందులో లోకల్ రైలు స్తంభాలు. పడవ మాట ఎత్తితే ఇక్కడి పిల్లలు నవ్వుతారు.

మూత గురించి కొట్టాయనకు చెప్పాను. "పెట్టెలు అక్కడే కడతారండీ, నా చేతిలో ఏముంది" అన్నాడు. బస్సు గురువారం రాత్రి వస్తుందట. శుక్రవారం పొద్దున్నే వెళ్లండి, నాలాగా శనివారం సాయంత్రం దాకా ఆగకండి.