క్రెడిట్ స్కోరు పడిపోయినా అపార్ట్‌మెంట్ ఇప్పించిన ఏజెంట్

ఉద్యోగం పోయి అద్దె ఆగితే పాత ఓనరు ఎవిక్షన్ కేసు, అంటే ఇల్లు ఖాళీ చేయించే కేసు వేశాడు. బాకీ మొత్తం తీర్చాను. అయినా అమెరికాలో ఆ కేసు, అద్దెకు వచ్చేవాళ్ల గురించి ఓనర్లు తెప్పించుకునే స్క్రీనింగ్ రిపోర్టులో 7 ఏళ్ల దాకా కనిపించవచ్చు. ఈ ఏజెంటుగారు అప్లికేషన్ ఫీజులు కట్టించకముందే సంగతంతా అడిగారు. అది నాకు బాగా నచ్చింది.

ఆ రిపోర్టు చూసి ఓనరు తిరస్కరిస్తే, అది ఇచ్చిన కంపెనీ పేరు చెప్పి తీరాలట. 60 రోజుల్లోపు అడిగితే కాపీ ఉచితం. తెప్పిస్తే, తీర్చేసిన బాకీ ఇంకా తీరనట్టే ఉంది! ఎంత కడుపు మండిందో. ఏజెంటుగారు రసీదులతో అభ్యంతరం పంపించారు, కంపెనీవాళ్లు సరిచేశారు.

తర్వాత పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు), కో-సైనర్‌గా (నేను కట్టకపోతే తను కట్టేలా) మా అన్నయ్య సంతకం, పాత కేసు గురించి దాచకుండా రాసిన ఉత్తరం జతచేశాం. కొత్త ఓనరు ఒప్పుకున్నారు.

ఏజెంటుగారు ఫోన్ మాత్రం ఎత్తరు, మెసేజ్ పెట్టాలి. ఫీజు ఓనరు దగ్గరే తీసుకున్నారు.