జాగ్రత్త: ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’ ఏ ప్రతి పడితే అది కొనకండి

అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1867లో ఓడెక్కి యూరప్, పాలస్తీనా తిరిగొచ్చి రాసిన యాత్రా పుస్తకం ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’ కొనబోయేవాళ్లు వెనక అట్ట మీది ‘కడుపుబ్బ నవ్విస్తుంది’ అన్న ముక్క చూసి డబ్బు కట్టేయకండి. 1869 నాటి పుస్తకం, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా అచ్చేసుకోవచ్చు. వేస్తున్నారు కూడా, ప్రూఫు ఒక్కసారైనా దిద్దకుండా.

ముందు అధ్యాయాలు లెక్కపెట్టండి. 61 ఉండాలి, చివర ముగింపు వేరే. సగంలో ఆగిపోయిందంటే రెండు సంపుటాల పాత ముద్రణలో మొదటిదాన్ని స్కాన్ చేసి అమ్ముతున్నట్టే. అట్ట మీద ఆ సంగతి చాలాసార్లు రాయరు. లండన్‌లో 1870లోనే దీన్ని రెండుగా చీల్చి, రెండో భాగాన్ని ‘ది న్యూ పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ పేరుతో అమ్మారు. వేరే పుస్తకం అనుకుని తెప్పించుకుంటే చదివిందే మళ్లీ చదవాలి.

తొలి ముద్రణ 651 పేజీలు, 234 బొమ్మలు. అదే పుస్తకం 250 పేజీల్లో వచ్చిందంటే అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి, లేదంటే పాఠం కోసేసి ఉంటారు. చౌక ప్రతుల్లో బొమ్మ ఎగిరిపోయి, దాని కింది మాట మాత్రం వాక్యం నడుమ ఇరుక్కుంటుంది. స్కాన్ చేసిన పేజీని కంప్యూటర్ చదివేటప్పుడు ఆర్, ఎన్ కలిసి ఎమ్ అయిపోతాయి. ‘మోడర్న్’ కాస్తా ‘మోడెమ్’ అవుతుంది. 1867 ఓడ ప్రయాణంలో మోడెమ్ ఏమిటా అని తల గోక్కోవాలి. ఆన్‌లైన్‌లో చూపించే నమూనా పేజీలనూ నమ్మలేం, అవి చాలాసార్లు మరో ముద్రణవి. సమీక్షలూ అంతే, అన్ని ముద్రణలవీ ఒకే చోట కుప్పపోస్తారు.

ఇక అసలు చిక్కు. మంచి ప్రతి దొరికినా పుస్తకం అంతా ఒకేలా నిలవలేదు. తోటి ప్రయాణికుల మీద, తన అజ్ఞానం మీద తనే వేసుకున్న జోకులు ఈనాటికీ పేలతాయి. 27వ అధ్యాయంలో కొలంబస్ బొమ్మ చూపించి మురిసిపోయే గైడును ‘ఈయన చనిపోయాడా?’ అని విసిగించే ఘట్టం, 53లో ఆదాము సమాధి దగ్గర ట్వేన్ ఏడుపు, రెండూ చెక్కుచెదరలేదు. అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల జనం మీద, సిరియా పల్లెల్లో రోగాలతో ఉన్న పిల్లల మీద రాసినవి మాత్రం ఇప్పుడు నవ్వు తెప్పించవు, ముల్లులా గుచ్చుకుంటాయి. నచ్చనివి వదిలేద్దామంటే మంచీ చెడూ పక్కపక్కనే ఉన్నాయి: 20వ అధ్యాయంలో ఇటలీలోని కోమో సరస్సును అమెరికాలోని టాహో సరస్సుతో పోల్చిన అందమైన వర్ణన వెంటే, అమెరికా ఆదివాసుల మీద మోటు వెక్కిరింపు.

కొంటే నోట్స్ ఉన్న ప్రతే కొనండి. పాలస్తీనా భాగంలో ‘గ్రైమ్స్’ అని ఆటపట్టించింది విలియం ప్రైమ్ అనే అప్పటి యాత్రా రచయితను. అది తెలియకపోతే పేజీలకు పేజీలు చప్పగా సాగుతాయి. పాలస్తీనా నేల ఎండి బీడుపడి ఉందన్న ట్వేన్ మాటల్ని, అప్పట్లో అక్కడ పెద్దగా జనమే లేరనడానికి సాక్ష్యంగా చాలామంది ఎత్తి చూపుతుంటారు. ట్వేన్ అక్కడ తిరిగింది సెప్టెంబరులో, వానలింకా పడని కాలంలో. మంచి నోట్స్ ఇలాంటివి చెప్పాలి.

కాపీరైట్ తీరిన పుస్తకాలను ఉంచే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం ఉచితంగా ఉంది. ముందు అక్కడ 20, 27 అధ్యాయాలు చదవండి. 20 మింగుడుపడకపోతే అక్కడే ఆపేయొచ్చు, ఖర్చేమీ లేదు.